హిట్లర్ బంకర్‌లోనే చచ్చాడా, అర్జెంటీనా పోయాడా? మావయ్యతో పందెం పడింది, కాస్త సాయం పట్టండి

భీమవరం బుల్లోడు

అందరికీ నమస్కారం. మొన్న మా పిన్ని కూతురి నిశ్చితార్థంలో, బంతి భోజనాల దగ్గర మా పెదమావయ్య ఒక బాంబు పేల్చాడు. హిట్లర్ బెర్లిన్‌లో నేలకింద బంకర్‌లో చావలేదంట. సబ్‌మెరైన్ ఎక్కి అర్జెంటీనా పోయి, ఆండీస్ కొండల కింద బంగళా కట్టుకుని, ముసలాడై మంచం మీద తాపీగా పోయాడంట. వాట్సాప్‌లో ఎవరో పంపిన వీడియో చూశాడు. నేను నోరు మూసుకుని గుత్తొంకాయ తినుంటే సరిపోయేది. "అదంతా సొల్లు మావయ్యా" అనేశాను.

అంతే, విస్తరి ముందు కోర్టు పెట్టేశాడు. మూడు ప్రశ్నలు వేశాడు.

"శవం ఏదిరా? ముస్సోలినీ శవం చూపించారు. వీడిది ఏదీ?"

"రష్యావాళ్లు హిట్లర్ పుర్రె అని దాచుకున్నది ఆడమనిషి పుర్రె అని తేలిందా లేదా?"

"స్టాలినే స్వయంగా 'పారిపోయాడు' అన్నాడు. ఆయనకంటే నీకు ఎక్కువ తెలుసా?"

నిజం చెప్పాలంటే మూడింటికీ నీళ్లు నమిలాను. పందెం ఏంటంటే, ఓడినవాడు మాఘంలో పెళ్లికి ఆత్రేయపురం నుంచి ఐదొందల పూతరేకులు తేవాలి. జేబు సంగతి అటుంచండి, పరువు సమస్య. తెలిసినవాళ్లు చెప్పండి.

ఓరుగల్లు పోరడు

ఎవలు గెలిస్తే ఏంది, పూతరేకులు మాకు గూడ పంపుర్రి. గంతే నా సలహా.

పాత సామాను

బుల్లోడు గారూ, మీ మావయ్య వేసినవి మూడూ మంచి ప్రశ్నలే, నవ్వి వదిలేయకండి. మూడోదానితో మొదలుపెడతాను, మిగతా రెండూ దాని కడుపున పుట్టినవే కాబట్టి.

1945 ఏప్రిల్ 29 అర్ధరాత్రి దాటాక హిట్లర్ తన ప్రియురాలు ఈవా బ్రౌన్‌ని పెళ్లి చేసుకున్నాడు. వీలునామా రాయించాడు. మా ఇద్దరి శవాలూ వెంటనే ఇక్కడే కాల్చేయండి అని అందులోనే ఉంది. సైనైడ్ పనిచేస్తుందో లేదో అని తన పెంపుడు కుక్క బ్లాండీ మీద ప్రయోగించి చూశారు. ముస్సోలినీని 28న కాల్చేశారు. 29న మిలాన్‌లో ఒక పెట్రోలు బంకు దగ్గర తలకిందులుగా వేలాడదీశారు. మర్నాడు 30వ తారీకు మధ్యాహ్నం మూడున్నర ప్రాంతంలో వీళ్లిద్దరూ గదిలోకి వెళ్లి తలుపేసుకున్నారు. ఆమె సైనైడ్ కొరికింది, ఇతను తుపాకీతో కాల్చుకున్నాడు. నౌకరు లింగె, అంగరక్షకుడు గున్షె లోపలికి వెళ్లి చూశారు. శవాల్ని దుప్పట్లలో చుట్టి తోటలోకి మోసుకెళ్లారు. డ్రైవర్ కెంప్కా సుమారు 200 లీటర్ల పెట్రోలు పోగుచేయించాడు. పోసి అంటించారు.

అక్కడొక చిన్న విషయం ఉంది, వీడియోల్లో ఎవరూ చెప్పరు. పైన రష్యా ఫిరంగి గుళ్లు వానలా పడుతున్నాయి. అంటించినవాళ్లు పక్కన నిలబడి చితి చూసుకునే పరిస్థితి లేదు, తలుపు చాటుకి పరిగెత్తారు. మన శ్మశానంలో కాటికాపరి గంటల తరబడి కర్రలు ఎగదోస్తేనే గానీ మనిషి బూడిద కాడు. ఆరుబయట పెట్రోలు పోసి వదిలేస్తే పైపైన మాడుతుందంతే. ఎముకలు, ముఖ్యంగా పళ్లు, మిగిలిపోతాయి. మిగిలాయి కూడా. పక్కనే గుండు పడ్డ గోతిలో పూడ్చారు.

మే నెల మొదటి వారంలోనే రష్యా వాళ్ల స్మెర్ష్ (సైన్యంలోని గూఢచారి విభాగం) ఆ గొయ్యి తవ్వింది. మే 8న బెర్లిన్ శివారు బుక్‌లో పోస్ట్‌మార్టం జరిగింది. ఆ తర్వాత రెండు మూడు రోజుల్లోనే పళ్లు చూసి గుర్తుపట్టారు. అంటే మే నెల సగం కాకముందే మాస్కోకి తెలుసు.

మరి స్టాలిన్ ఏం చేశాడు? మే 26న అమెరికా దూత హ్యారీ హాప్కిన్స్‌తో "హిట్లర్ బతికే ఉన్నాడనుకుంటున్నా" అన్నాడు. జూన్ 9న రష్యా సేనాపతి జుకోవ్ విలేకరులను పిలిచి, శవాన్ని గుర్తించలేదు, ఆఖరి నిమిషంలో విమానంలో ఎగిరిపోయి ఉండొచ్చు అన్నాడు. జులైలో పోట్స్‌డామ్ సమావేశంలో అమెరికా విదేశాంగ మంత్రి బర్న్స్‌కి స్టాలిన్ మళ్లీ అదే పాట పాడాడు, స్పెయిన్‌లోనో అర్జెంటీనాలోనో ఉంటాడని. శవం చేతిలో పెట్టుకుని!

కాబట్టి మీ మావయ్యకి చెప్పండి: అవును మావయ్యా, స్టాలినే అన్నాడు. ఆ అర్జెంటీనా కథని ఊళ్లోకి వదిలిన పెద్దల్లో ఆయనా ఒకడు.

నిప్పులేనిదే_పొగ

బాగా చెప్పారు పాత సామాను గారూ, కానీ ఒకటి గమనించారా? మీ కథలో సాక్షులంతా ఎవరు? లింగె, గున్షె, కెంప్కా. ముగ్గురూ ఎస్‌ఎస్ (నాజీ పార్టీ సాయుధ దళం) మనుషులే, ప్రాణం ఇచ్చే భక్తులు. దొర తప్పించుకుంటే "చచ్చాడు" అని చెప్పమంటే చెప్పరా? పోస్ట్‌మార్టం చేసింది ఎవరు? స్టాలిన్ మనుషులు. స్టాలిన్ అబద్ధాలకోరు అని మీరే అంటున్నారు. అబద్ధాలకోరు చేతి రిపోర్టు మాత్రం నిజం అంటున్నారు.

2009లో అమెరికాలో కనెక్టికట్ యూనివర్సిటీ వాళ్లు మాస్కోలో ఉన్న పుర్రె ముక్కకి డీఎన్‌ఏ పరీక్ష చేశారు. నలభై ఏళ్ల లోపు ఆడమనిషిది. ఇది వాట్సాప్ కాదు, ల్యాబ్.

ఇంకొకటి. పాశ్చాత్య ప్రపంచం మొత్తం నమ్మిన దర్యాప్తు చేసింది బ్రిటిష్ ఇంటెలిజెన్స్ ఆఫీసర్ ట్రెవర్-రోపర్. 1983లో హిట్లర్ డైరీలు దొరికాయంటే అసలైనవే అని సర్టిఫికెట్ ఇచ్చిన మహానుభావుడూ ఆయనే. రెండు వారాలు తిరక్కుండా అవి నకిలీ అని తేలింది. డైరీ గుర్తుపట్టలేనాయన చావు గుర్తుపట్టాడా?

యూదుల్ని చంపే శిబిరాలకి తరలించిన నాజీ అధికారి ఐష్‌మన్ అర్జెంటీనాలో క్లెమెంట్ అనే పేరుతో బతికాడు, 1960లో ఇజ్రాయెల్ వాళ్లు పట్టుకెళ్లేదాకా. ఆష్‌విట్జ్ శిబిరం డాక్టర్ మెంగెలె అర్జెంటీనా పోయి, అక్కణ్ణుంచి పరాగ్వే, బ్రెజిల్ తిరిగి 1979లో ఈత కొడుతూ పోయాడు. వీళ్లకి దారి ఉంది, వాళ్ల దొరకి లేదా?

నేను "పారిపోయాడు" అనట్లేదు. "చచ్చాడు" అని అంత ధీమాగా అనకండి అంటున్నా.

ఓరుగల్లు పోరడు

పుర్రెకో బుద్ధి అంటరు గదా, గిప్పుడు పుర్రె మీదనే పడ్డరు 😄

పాత సామాను

పొగ గారూ, ట్రెవర్-రోపర్ దెబ్బ మాత్రం గట్టిగా తగిలింది, ఒప్పుకుంటాను. కాకపోతే ఆయన 1945 శరత్కాలంలో చేసింది శవపరీక్ష కాదు, సాక్షుల్ని వెతికి పట్టుకుని ఎవరు ఏ రోజు ఎక్కడున్నారో లెక్క కట్టడం. నవంబరు 1న బెర్లిన్‌లో ఫలితం ప్రకటించాడు. అప్పటికి రష్యావాళ్ల దగ్గర శవం ఉందని ఆయనకి తెలియదు. లింగె, గున్షె ఇద్దరూ రష్యా జైల్లో, వాళ్లని కలవనివ్వలేదు. అయినా ఆయన కట్టిన కథా, తర్వాత పదేళ్లకి జైలు నుంచి బయటపడి వాళ్లు చెప్పిన కథా ముఖ్యమైన చోట్ల కలిసిపోయాయి. ముందే కూడబలుక్కోవడానికి రష్యాకీ పశ్చిమ దేశాలకీ మధ్యలో ఇనుపతెర ఉంది సార్.

పళ్ల గురించి నాకంటే బాగా చెప్పగలిగినవాళ్లు ఈ గుంపులోనే ఉన్నారు. డాక్టరమ్మ గారూ, ఎక్కడున్నారు?

పంటి డాక్టరమ్మ

పిలిచారా? క్లినిక్ ఇప్పుడే కట్టేశాను. టీ పెట్టుకుని మరీ రాస్తున్నా, ఓపికగా చదవండి.

ముందు పుర్రె సంగతి తేల్చేద్దాం. ఆ పుర్రె ముక్క దొరికింది 1946లో. ఏడాది తర్వాత స్టాలిన్‌కి మళ్లీ అనుమానం వచ్చి రెండో దర్యాప్తు వేయిస్తే, తోటలో మళ్లీ తవ్వినప్పుడు బులెట్ బెజ్జం ఉన్న ముక్క దొరికింది. ఆ తోటలో ఎన్ని శవాలు పడ్డాయో లెక్కలేదు. అది హిట్లర్‌ది అని వాళ్లు అనుకున్నారు, అంతే. 1945లో మనిషిని గుర్తించింది ఆ పుర్రెతో కాదు. అది ఆడమనిషిదైనా, గుర్రందైనా, పళ్ల సాక్ష్యం వెంట్రుకంత కూడా కదలదు. ఇద్దరు వేరే సాక్షులు. ఒకడు తప్పు చెప్తే రెండోవాడి నోరు మూయించలేం కదా.

ఇక పళ్లు. హిట్లర్ నోరు మా వృత్తిలో చెప్పాలంటే దరిద్రం. చెడిపోని సొంత పళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. మిగతాదంతా క్యాపులు, బ్రిడ్జిలు. బ్రిడ్జి అంటే, ఊడిన పన్నుకి అటూ ఇటూ ఉన్న పళ్లని అరగదీసి క్యాపులు తొడిగి, మధ్యలో డమ్మీ పన్ను నిలబెట్టడం. ఇతనికి పై దవడలో తొమ్మిది పళ్లని కలిపేస్తూ ఒకే బంగారు బ్రిడ్జి. అలాంటి పొడుగు బ్రిడ్జి మామూలు మనిషి నోట్లో కనబడదు.

1944లో ఆ బ్రిడ్జి చివర ఉన్న పన్ను పాడైంది. హిట్లర్ పంటి డాక్టర్ బ్లాష్కె మొత్తం బ్రిడ్జి తీయకుండా, బంగారాన్ని అడ్డంగా కోసి, చివరి ముక్కని పన్నుతో సహా పీకేశాడు. ఆ కోత గుర్తు మిగిలింది. నేనూ చేశాను ఇలాంటివి, పేషెంటుకి ఓపిక లేనప్పుడు చేసే సర్దుబాటు పని. అందంగా ఉండదు, కానీ ఆ కోత మీ చేతిరాత లాంటిది. ఇంకో డాక్టరు ఇంకోచోట కోస్తాడు.

రష్యావాళ్లకి బ్లాష్కె దొరకలేదు, అమెరికన్ల వైపు పోయాడు. దొరికింది ఆయన సహాయకురాలు కేటె హాయిజర్‌మన్. నోట్లో అద్దం పెట్టి, లైటు పట్టుకుని, ఏళ్ల తరబడి అదే నోరు చూసిన మనిషి. దవడ చూపించకముందే ఆమెని జ్ఞాపకం నుంచి చెప్పమన్నారు. ఏ పన్ను ఎక్కడుంది, కోత ఎక్కడుందీ చెప్పింది. ఆ బ్రిడ్జిలు తయారుచేసిన టెక్నీషియన్ ఎఖ్ట్‌మన్‌ని విడిగా అడిగారు. ఆయనా అదే చెప్పాడు. ఛాన్సలరీలో (హిట్లర్ ప్రభుత్వ కార్యాలయం) ఉన్న చిన్న పంటి గదిలో ఎక్స్‌రేలూ, ఇంకా బిగించని బంగారు క్యాపులూ దొరికాయి.

పొగ గారికి ప్రత్యేకంగా ఇది. "అంతా స్టాలిన్ మనుషుల చేతుల్లోనే జరిగింది" అన్నారు. కాదండీ. 1944 జులై 20న హిట్లర్ మీద బాంబు పేలింది కదా, తర్వాత సెప్టెంబరు, అక్టోబరుల్లో అతని తలకి ఎక్స్‌రేలు తీశారు. అవి అమెరికన్ల చేతికి చిక్కాయి, అమెరికా ప్రభుత్వ పత్రాల్లో పడి ఉన్నాయి. బ్లాష్కె ఇచ్చిన వాంగ్మూలమూ అమెరికన్ల దగ్గరే. 1970ల మొదట్లో సోగ్నెస్, స్ట్రోమ్ అనే ఇద్దరు దంత నిపుణులు ఆ అమెరికా ఎక్స్‌రేలనీ, రష్యా పోస్ట్‌మార్టంలో రాసిన పళ్ల వివరాలనీ పక్కపక్కన పెట్టి చూశారు. సరిపోయాయి. ఒకరి మొహం ఒకరు చూడని రెండు బద్ధశత్రు దేశాల బీరువాల్లోంచి వచ్చిన కాగితాలు సరిపోయాయి!

2017లో ఫ్రాన్స్ నుంచి షార్లియే అనే డాక్టరు బృందం మాస్కోలో ఆ పళ్లని స్వయంగా చూసింది, 2018లో పేపరు వేసింది. ఆ పళ్లు అవే. పంటి గార మైక్రోస్కోప్ కింద పెడితే మాంసం పీచు కనబడలేదు, ఇతను శాకాహారి అన్నదానికి సరిపోయింది.

టీ చల్లారిపోయింది.

భీమవరం బుల్లోడు

అమ్మా, మీకు ఐదొందల్లో వంద పూతరేకులు రిజర్వు.

గోదారి గట్టు

టాపిక్ మారుస్తున్నా అనుకోకండి. ఇదంతా చదువుతుంటే నేతాజీ గుర్తొస్తున్నాడు. అదే 1945, ఆగస్టు 18, తైహోకు (ఇప్పటి తైపే)లో విమాన ప్రమాదం. అప్పుడూ మన దేశంలో శవం ఎవరూ చూడలేదు. మూడు కమిటీలు వేశారు...

మోడరేటర్

గట్టు గారూ, ఆపండి. నేతాజీని ఈ దారంలోకి (చర్చలోకి) తేవద్దు. ఒకటి, ఆయన నియంత కాదు, ఓడిన నియంతల వరసలో ఆయన పేరు పెడితే ఇక్కడ సగంమంది చెప్పులు విసురుతారు. రెండు, ఆ దారం ఇప్పటికే 40 పేజీలు దాటింది, అక్కడికే వెళ్లండి.

గోదారి గట్టు

పోలిక మనుషుల మధ్య కాదండీ, గాలివార్త పుట్టే తీరులో అంటున్నా. షానవాజ్ కమిటీ, ఖోస్లా కమిషన్ ప్రమాదంలోనే పోయారన్నాయి, 2005లో ముఖర్జీ కమిషన్ కాదంది, ప్రభుత్వం ఆ రిపోర్టుని ఒప్పుకోలేదు. ఫైళ్లు దాచేకొద్దీ కథలు పెరిగాయి. మన్యంలో అల్లూరి చనిపోలేదని ఎన్నేళ్లు చెప్పుకోలేదు? సరే, ఆపేశా.

మాష్టారు 58

గట్టు బాబు అన్న చివరి మాట మోడరేటర్ గారు కాస్త ఆలోచించాలి. కానీ అక్కడ తేడా కూడా ఉంది. నేతాజీ, అల్లూరి చనిపోలేదని జనం అనుకున్నారంటే ప్రేమ కొద్దీ. చచ్చినవాడి కళ్లు చారెడు. హిట్లర్ విషయంలో ప్రేమ కొంతమందికే. ఎక్కువమందికి ఉన్నది భయం, ఆపైన కసి. అంత చేసినవాడు ఒక్క గుండుతో, నొప్పి తెలీకుండా పోవడం మింగుడు పడలేదు. పట్టుకుని బోనులో నిలబెడితే బాగుండేది అనిపించింది. బతికున్నాడంటే ఇంకా పట్టుకోవచ్చు కదా.

ముప్పై రెండేళ్లు సోషల్ పాఠం చెప్పాను. "హిట్లర్ ఆత్మహత్య చేసుకొనెను" అని ఒక వాక్యం చదివి బోర్డు తుడిచేసేవాణ్ణి. రిటైరయ్యాక తెలిసిన విషయం ఏంటంటే, ఈ చావు గురించి మొదటి అబద్ధం చెప్పింది రష్యావాళ్లు కాదు, జర్మన్లే. మే 1 రాత్రి హాంబర్గ్ రేడియోలో, ఫ్యూరర్ (నాయకుడు, అంటే హిట్లర్) ఆఖరి శ్వాస దాకా పోరాడుతూ నేలకొరిగాడని ప్రకటించారు. హిట్లర్ వారసుడిగా పగ్గాలు పట్టిన డోనిట్జ్ మాట్లాడాడు. ఆత్మహత్య అంటే సైనికులు ఆయుధాలు పడేస్తారని భయం. అదే రోజు తెల్లవారుజామున జనరల్ క్రెబ్స్ తెల్లజెండాతో వెళ్లి రష్యా జనరల్ చుయికోవ్‌కి ఆత్మహత్య అని చెప్పేశాడు. ఒకే రోజు, ఒకే ప్రభుత్వం, రెండు చావులు. లోకం ఏది నమ్మాలి?

ఆపైన రష్యావాళ్ల తొందరపాటు. మే 4 ప్రాంతంలో ఛాన్సలరీ దగ్గర మీసాలున్న ఒక శవం దొరికింది. హిట్లర్ దొరికాడని ఫిల్మ్ కూడా తీశారు. తీరా చూస్తే ఆ మనిషి కాళ్లకి కుట్లేసిన మేజోళ్లు. చిల్లుపడిన మేజోళ్లకి రఫ్ఫు చేయించి తొడుక్కునే ఫ్యూరరా? అక్కడ అనుమానం వచ్చి పక్కన పెట్టారు. ఆ ఫిల్మ్ ఫొటోలే ఇవాళ్టికీ "డూప్" అని యూట్యూబ్‌లో తిరుగుతున్నాయి.

ఇక ఆ పళ్ల డబ్బా కథ. స్మెర్ష్‌లో దుబాసీగా పనిచేసిన యెలెనా ర్జెవ్‌స్కయా అనే అమ్మాయికి, మే 8న ఒక ఎర్రటి డబ్బా చేతిలో పెట్టారు. సెంటు సీసాలో, చౌక నగలో పెట్టుకునే రకం, లోపల మెత్తటి గుడ్డ. అందులో హిట్లర్ దవడలు. ఇనప్పెట్టె లేదు. యుద్ధం గెలిచామని అందరూ తాగి చిందులేస్తున్న రాత్రి. ఆడపిల్ల కాబట్టి తాగి పారేసుకోదని ఆమెకిచ్చారు. ఒక చేత్తో డబ్బా, ఒక చేత్తో గ్లాసు. ఇరవై ఏళ్ల దాకా ఆ సంగతి బయటపెట్టనివ్వలేదు. 1960ల్లో గానీ ఆమె రాయలేకపోయింది.

డాక్టరమ్మ చెప్పిన కేటె హాయిజర్‌మన్‌కి ఏమైందో అడిగారా ఎవరైనా? నిజం చెప్పినందుకు మెచ్చుకోలేదు. మాస్కోకి పట్టుకుపోయారు. ఒంటరి కొట్లో ఏళ్ల తరబడి ఉంచి 1951లో పదేళ్ల శిక్ష వేశారు. నేరం ఏమిటో తెలుసా? హిట్లర్ పంటి వైద్యంలో పాల్గొని యుద్ధం కొనసాగడానికి తోడ్పడిందట. పళ్లు బాగుచేస్తే యుద్ధం పొడుగైనట్టు! 1955లో వదిలారు. అసలు సంగతి, స్టాలిన్ "దొరకలేదు" అంటున్నంత కాలం దొరికిందని తెలిసిన మనిషి బయట తిరగకూడదు. తిరిగొచ్చాక ఆమె జర్మనీ కోర్టులో సాక్ష్యం చెప్పింది. బెర్ఖ్‌టెస్‌గాడెన్ కోర్టు 1956 అక్టోబరు 25న హిట్లర్ చనిపోయినట్టు ప్రకటించింది. చచ్చిన పదకొండేళ్లకి డెత్ సర్టిఫికెట్. మన తాసీల్దారు ఆఫీసులే నయం.

స్ప్రీ ఒడ్డున

బెర్లిన్‌లో ఉంటాను, ఐటీ. ఇండియా నుంచి ఎవరొచ్చినా అడిగే మొదటి ప్రశ్న "బంకర్ చూపిస్తావా". తీసుకెళ్తాను. అక్కడ ఏమీ ఉండదు. అపార్ట్‌మెంట్ల మధ్య కార్ పార్కింగ్. కంకర, నీళ్లు నిలిచిన గుంట, ఒక చెత్త డబ్బా. 2006లో ఫుట్‌బాల్ వరల్డ్ కప్ ముందు ఒక బోర్డు పెట్టారు, లేకపోతే ఎక్కడ నిలబడ్డామో కూడా తెలీదు. పోయినసారి మా బావమరిది ఆ బోర్డు ముందు సెల్ఫీ తీసుకుంటుంటే ఒక పెద్దావిడ కుక్కని తీసుకొచ్చి సరిగ్గా అక్కడే... సరే, మీకు అర్థమైంది.

"శవం ఏదీ" అన్నారు కదా మావయ్య. మాగ్డెబుర్గ్ అని ఇక్కడికి రైల్లో గంటన్నర దూరం. 1946లో రష్యావాళ్లు ఆ మిగిలిన అస్థికల్ని అక్కడ తమ సైనిక స్థావరంలో పూడ్చారు. 1970లో ఆ స్థావరం తూర్పు జర్మనీకి అప్పగించాల్సి వచ్చింది. సమాధి బయటపడితే నాజీలకి గుడి అవుతుందని కేజీబీ (రష్యా గూఢచారి సంస్థ) పెద్ద ఆంద్రోపోవ్ ఆర్డరేశాడు. ఏప్రిల్‌లో తవ్వి, కాల్చి, పొడి చేసి, బీడెరిట్జ్ దగ్గర ఏట్లో కలిపేశారు. ఆ నీళ్లు ఎల్బెలో కలుస్తాయి. మనవాళ్లు రాజమండ్రిలో చేసే పనే, మంత్రాలు లేవంతే. దవడలు, పుర్రె ముక్క మాత్రం మాస్కోలో ఉంచుకున్నారు.

నిప్పులేనిదే_పొగ

పంటి సాక్ష్యం బలంగా ఉంది. ఆ ఎక్స్‌రేల సంగతి నాకు తెలీదు, డాక్టరమ్మగారికి థ్యాంక్స్. కానీ సబ్‌మెరైన్లకి ఎవరూ జవాబివ్వలేదు. జర్మనీ లొంగిపోయిన రెండు నెలలకి యూ-530, మూడు నెలలు దాటాక యూ-977 అర్జెంటీనాలో మార్ డెల్ ప్లాటాలో తేలాయి. ఊరికే పోయాయా? ఏప్రిల్ 29 తెల్లవారుజామున జర్మన్ మహిళా పైలట్ హానా రైట్ష్ ఎక్కిన విమానం కూడా బెర్లిన్ నడిబొడ్డు నుంచి ఎగిరింది. అంటే దారి ఉంది. 1955లో సీఐఏ కాగితంలో కొలంబియాలో హిట్లర్ ఫొటో కూడా ఉంది.

ఓరుగల్లు పోరడు

అన్నా, సబ్‌మెరైన్లు నాకు వదిలెయ్. నిన్న రాత్రి నిద్ర రాక గిదే పని మీద కూసున్న. తప్పుంటే దిద్దుర్రి.

యూ-530 మార్చి మొదట్లనే సముద్రంలకు పోయింది. హిట్లర్ ఏప్రిల్ 20 నాడు 56వ పుట్టినరోజు బంకర్ల చేసుకున్నడు, అందరు చూసిన్రు. మార్చిల పోయిన పడవ ఏప్రిల్ల మనిషిని ఎట్ల ఎక్కించుకుంటది? మధ్యల ఆగుడు బస్సా అది? గదొకటి కొట్టేసిన.

యూ-977 మే 2 నాడు నార్వేల క్రిస్టియన్‌సాండ్ నుంచి బయల్దేరింది. జర్మనీ లొంగిపోయిందని తెలిసినంక కెప్టెన్ షేఫర్ ఏమన్నడంటే, ఇండ్లకు పోయేటోళ్లు పోండ్రి, మిగిలినోళ్లం అర్జెంటీనా పోదం అన్నడు. పెండ్లాం పిల్లలున్నోళ్లు నార్వేల దిగిపోయిన్రు. ఆగస్టు 17 నాడు మార్ డెల్ ప్లాటాల తేలింది. హిట్లర్ గా పడవల ఉంటే, మధ్యల దిగిపోయినోళ్లు బ్రిటిషోళ్లకు చిక్కినంక ఒక్కడన్న నోరు జారకపోయేటోడా? ఫ్యూరర్‌తోని ఒకే ఇనుప గొట్టంల ఉంటే గాలి గూడ పంచుకోవాలె.

హానా రైట్ష్ విమానం సంగతి. గా విమానం చిన్నది, ఆమెతోని జనరల్ గ్రైమ్ ఉన్నడు. అది పోయినంకనే గదా పెండ్లి అయింది, వీలునామా అయింది, కుక్కకు విషం పెట్టిన్రు. అప్పటికే నాలుగు రోజులైంది రష్యోళ్లు బెర్లిన్ చుట్టూ గిరిగీసి.

సీఐఏ కాగితం నేను గూడ చదివిన. మధ్యలోడు చెప్పిండు, ఫొటో చూపిచ్చిండు, ఇక్కడి ఆఫీసోళ్లు పైకి పంపిన్రు. పైనుంచి ఏమొచ్చింది? ఎంత కష్టపడ్డా ఏం తేలేటట్టు లేదు, ఇడ్సిపెట్టున్రి అని. గదే కాగితాలల్ల ఉన్నది. వీడియోలోళ్లు మొదటి పేజీ చూపెట్టి ఆఖరి పేజీ దాస్తున్రు.

పాత సామాను

పోరడా, సలాం. పూతరేకులకని వచ్చి పరిశోధన చేశావు.

అన్నట్టు ఆ హానా రైట్ష్ 1959లో మన దేశం వచ్చింది. ఢిల్లీ మీద గ్లైడర్‌లో నెహ్రూని ఎక్కించుకుని తిప్పింది. హిట్లర్ బంకర్ నుంచి విమానంలో ఎగిరిన చివరి మనుషుల్లో ఒకరి పక్కన మన ప్రధానమంత్రి! ఆవిడ 1979లో పోయేదాకా హిట్లర్‌ని వెనకేసుకొచ్చిందే గానీ, తప్పించుకున్నాడని మాత్రం ఎప్పుడూ అనలేదు.

పొగ గారి వాదనలో ఒక మాట మాత్రం నేను మనసులో పెట్టుకున్నాను. ఐష్‌మన్, మెంగెలె నిజంగానే పోయారు. ఆ నిప్పు ఉంది. హిట్లర్ ఆంతరంగిక కార్యదర్శి బోర్మన్ సంగతి చూడండి. అతనూ బంకర్‌లోంచే బయటపడ్డాడు, న్యూరెంబర్గ్‌లో మనిషి లేకుండానే విచారించి ఉరిశిక్ష వేశారు. పాతికేళ్లపైన దక్షిణ అమెరికాలో చూశామన్నవాళ్లు చూశామన్నారు. 1972లో బెర్లిన్‌లో లేర్టర్ స్టేషన్ దగ్గర పునాదులు తవ్వుతుంటే ఎముకలు దొరికాయి. 1998లో డీఎన్‌ఏ కూడా సరిపోయింది. బంకర్‌కి మైలున్నర కూడా దూరం కాదు. చూశామన్నవాళ్లందరూ ఎవరిని చూశారో మరి.

నిప్పులేనిదే_పొగ

సరే, హిట్లర్ వరకు మీదే పైచేయి. పళ్లకి జవాబు లేదు నా దగ్గర. కానీ పేరు మార్చుకోను, ముందే చెప్తున్నా. రేపు ఇంకో దారంలో కలుద్దాం.

మోడరేటర్

ఈ గుంపులో ఒకరు "మీదే పైచేయి" అనడం నేను చూడటం ఇదే మొదటిసారి. పిన్ చేస్తున్నా.

భీమవరం బుల్లోడు

ఆదివారం మావయ్య ఇంటికి వెళ్లొచ్చాను. మొత్తం ప్రింటు తీసుకుని, కళ్లజోడు తుడిచి చేతిలో పెట్టి, ఒక్కొక్కటీ చదివించాను. స్టాలిన్ సంగతి విని "దొంగవెధవ" అన్నాడు. ఆ నర్సమ్మకి (అదే, పంటి అసిస్టెంటు) జైలు వేశారన్న చోట అత్తయ్య వంటింట్లోంచి బయటికొచ్చి నిలబడి వింది. పళ్ల దగ్గరికొచ్చేసరికి మావయ్య చాలాసేపు మాట్లాడలేదు. గెలిచాననుకున్నా.

తర్వాత తీరిగ్గా అన్నాడు: "సరేరా. పళ్లు వాడివే. పళ్లు అక్కడ వదిలేసి వెళ్లుండొచ్చుగా? కట్టుడు పళ్లేగా?"

ఏం చెప్పాలి?

పంటి డాక్టరమ్మ

బ్రిడ్జి అంటే రాత్రి గ్లాసులో తీసిపెట్టుకునే సెట్టు కాదని చెప్పండి. అది సిమెంటుతో అంటించేది. పైగా దొరికింది ఉత్త పళ్లు కాదు, కింది దవడ ఎముకతో సహా. కింది దవడ బెర్లిన్‌లో వదిలేసి అర్జెంటీనా వెళ్లినవాడు అక్కడ ఏం తిని బతికాడో మీ మావయ్యనే అడగండి.

భీమవరం బుల్లోడు

అడిగానండీ.

"జావ" అన్నాడు.

ఓరుగల్లు పోరడు

అన్నా, పూతరేకులు నువ్వే తెచ్చేటట్టున్నవ్.

భీమవరం బుల్లోడు

ఆర్డరిచ్చేశా. ఐదొందలు. డాక్టరమ్మగారు అడ్రస్ మెసేజ్ చేయండి.